షిప్పుల్ని వెతికే బుల్లి శాటిలైట్‌లో కంప్యూటర్ ఎందుకు? ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్, సలహా కావాలి

మధురవాడ_ఈసీఈ:

అన్నలూ అక్కలూ నమస్తే. వైజాగ్‌లో ఈసీఈ ఫైనల్ ఇయర్. సముద్రంలో షిప్పుల్ని కనిపెట్టే చిన్న శాటిలైట్, ప్రాసెసింగ్ మొత్తం పైనే జరిగేలా, ఇదీ మా బ్యాచ్ టాపిక్. గైడ్ గారు ఒప్పుకున్నారు గానీ రివ్యూలో ఒకే ఒక్క ప్రశ్న వేశారు, "ఎందుకు?" అని. నలుగురం మొహమొహాలు చూసుకున్నాం.

పెద్ద షిప్పులన్నీ ఏఐఎస్ అనే రేడియో సిస్టమ్‌లో తమ పేరు, స్పీడు, పొజిషన్ తామే చెప్తుంటాయి కదా. ఆర్కే బీచ్‌లో కూర్చుని ఫోన్‌లో యాప్ తెరిస్తే అవుటర్ యాంకరేజ్‌లో ఆగున్నవన్నీ పేర్లతో సహా కనిపిస్తాయి. మరి పైనుంచి ఫొటో తీసి వెతకడం దేనికి? పోనీ తీశామే అనుకుందాం, ఆ ఫొటో కిందకి పంపేస్తే ఇక్కడ పెద్ద సర్వర్ మీద చూసుకోవచ్చుగా, అరచేతిలో పట్టే డబ్బాలో కంప్యూటర్ పెట్టి దానికి కరెంటు ఎక్కడ తెస్తాం?

ఇంకో డౌటు, డాల్ఫిన్ నోస్ పక్కనుంచి బూడిద రంగు షిప్పులు వెళ్తుంటాయి, కంటికి నిక్షేపంలా కనిపిస్తాయి, యాప్‌లో మాత్రం ఉండవు. అదేంటి?

మేం శాటిలైట్ ఎగరేసేది లేదు, టేబుల్ మీద డెమో చూపిస్తే చాలు. చేతిలో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ బోర్డు ఒకటి ఉంది. డిపార్ట్‌మెంట్‌లో ఏఐ నడిపే జెట్సన్ నానో బోర్డు ఒకటి ఉంది గానీ అది బీరువాలో దేవుడి నగల్లాగా ఉంటది, అడిగితే ఇస్తారేమో.

సెకండ్_మేట్_విశాఖ:

చివరి డౌటు ముందు తీర్చేస్తా. ఆ బూడిద రంగువి నేవీవి తమ్ముడూ. యుద్ధనౌకలకి ఏఐఎస్ రూలు వర్తించదు, వాళ్లకి కావాలంటే వేస్తారు లేకపోతే లేదు. ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఉన్న ఊళ్లో ఉండి ఈ ప్రశ్న అడిగావంటే నువ్వు బీచ్‌కి మొక్కజొన్న పొత్తు కోసమే వెళ్తున్నావన్నమాట.

రూలు ఏంటంటే అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నేజ్ పైబడ్డ షిప్పులకి, సైజుతో పని లేకుండా ప్యాసింజర్ షిప్పులన్నిటికీ తప్పనిసరి. అది మామూలు వీహెచ్‌ఎఫ్ రేడియో, 161.975, 162.025 మెగాహెర్ట్జ్ రెండు ఛానళ్లు. షిప్పు కదుల్తుంటే స్పీడుని బట్టి 2 నుంచి 10 సెకన్లకోసారి, యాంకర్ మీద ఉంటే 3 నిమిషాలకోసారి మెసేజ్ పోతుంది. వీహెచ్‌ఎఫ్ కాబట్టి దాదాపు చూపు ఆనినంత దూరమే, ఒడ్డున కొండ మీద యాంటెనా ఉంటే 40 నాటికల్ మైళ్లు, కొంచెం అటూఇటూ. నీ ఫోన్‌లో కనిపించేది అలా ఒడ్డున ఎవరో పెట్టుకున్న రిసీవర్ పట్టింది. మేం ఇక్కడ్నుంచి మలక్కా వైపు తిరిగి ఒక రాత్రి గడిచిందంటే ఆ యాప్‌లో మా బాణం గుర్తు ఆగిపోతుంది, ఇంట్లోవాళ్లు కంగారుపడి మెసేజ్ పెడతారు. అక్కడ్నుంచి శాటిలైట్ పట్టిన పొజిషనే దిక్కు, అది చూడాలంటే యాప్‌వాళ్లు డబ్బులు అడుగుతారు.

2020 అక్టోబర్‌లో వాయుగుండం టైంలో యాంకర్ నిలవక తెన్నేటి పార్క్ దగ్గర ఒడ్డెక్కేసిన బంగ్లాదేశ్ షిప్పు ఎంవీ మా గుర్తుందా, ఊరంతా సెల్ఫీలు దిగారు. ఒడ్డు పక్కన జరిగేవి అలా అందరికీ తెలుస్తాయి. అదే 200 మైళ్ల అవతల ఒకడు ఏఐఎస్ స్విచ్ కట్టేసి పక్క షిప్పులోకి ఆయిల్ తోడుకుంటుంటే ఎవడు చూస్తాడు? సముద్రపు దొంగల భయం ఉన్న చోట కెప్టెన్ భద్రత కోసం ఆపొచ్చు, అదీ రూల్లో ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు వాడుకుంటారు. ఇంకొందరు ఆపరు, తప్పుడు పొజిషన్ పంపిస్తారు. ఏఐఎస్‌కి తాళం లేదు, పాస్‌వర్డ్ లేదు, ఏది పంపితే అదే నమ్మాలి. మీ గైడ్ గారి "ఎందుకు"కి సగం జవాబు ఇదే.

బోర్డు_బ్రింగప్:

మాది అనకాపల్లి, ఉద్యోగం బెంగళూరులో, శాటిలైట్ ఎలక్ట్రానిక్స్. మిగతా సగం నేను చెప్తా, కొంచెం పెద్దది, టీ తెచ్చుకో.

ముందు ఏఐఎస్‌ని పైనుంచి వినడం గురించే. ఒక్కో ఛానల్లో నిమిషానికి 2250 స్లాట్లు, ఒక్కో స్లాటు 26.67 మిల్లీసెకన్లు, దగ్గర దగ్గర ఉన్న షిప్పులు ఒకరి మెసేజ్ ఇంకొకరు విని ఖాళీ స్లాటు చూసుకుని మాట్లాడతాయి. సముద్రం మీద బాగానే నడుస్తుంది. కానీ 500 కిలోమీటర్ల ఎత్తున శాటిలైట్ వైజాగ్ నెత్తి మీదుందనుకో, దాని చూపు చుట్టూ దాదాపు 2400 కిలోమీటర్లు, అంటే కరాచీ, ముంబై, కొలంబో, చిట్టగాంగ్, మలక్కా మొదలు, అన్నీ ఒకేసారి వినిపిస్తాయి. ముంబై షిప్పుకీ చిట్టగాంగ్ షిప్పుకీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు, ఇద్దరూ ఒకే స్లాటులో మాట్లాడేస్తారు. పైగా శాటిలైట్ సెకనుకి 7.6 కిలోమీటర్లు పరిగెడుతోంది కాబట్టి డాప్లర్ (దగ్గరకొస్తుంటే ఒకలా, దూరమవుతుంటే ఒకలా వినపడడం) వల్ల ఒక్కొక్కరి ఫ్రీక్వెన్సీ 4 కిలోహెర్ట్జ్ లోపు అటో ఇటో జరిగి వస్తుంది. ఈ గోలలోంచి మెసేజ్‌లు విడదీయడానికే పైన సిగ్నల్ ప్రాసెసింగ్ కావాలి, మామూలుగా ఎఫ్‌పీజీఏ (మనకి కావాల్సినట్టు లోపలి సర్క్యూట్ మార్చుకోగల చిప్) మీద చేస్తారు. ముడి రేడియో రికార్డింగ్ అంతా కిందకి పంపి విడదీసే పద్ధతి కూడా ఉంది, దానికి డేటా దించే పెద్ద పైపు కావాలి, ఆ పైపే మనకి ఉండదు.

పైపు లెక్క నువ్వే వేసుకో. కెమెరా 4096 బై 3072 పిక్సెల్స్, 12 బిట్ అనుకుంటే ఒక్క ఫొటో 19 మెగాబైట్లు. చిన్న క్యూబ్‌శాట్‌కి, అంటే క్యూబులు పేర్చినట్టుండే బుల్లి శాటిలైట్‌కి, యూహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే సెకనుకి 9600 బిట్లు. గ్రౌండ్ స్టేషన్ మీదుగా ఒక పాస్, అంటే ఒకసారి నెత్తి మీదుగా పోవడం, మంచిది దొరికితే 8 నిమిషాలు, అందులో దిగేది 576 కిలోబైట్లు. అంటే ఒక్క ఫొటో దించడానికి 30 పైచిలుకు పాస్‌లు. ఎస్ బ్యాండ్ పెట్టి సెకనుకి 1 మెగాబిట్ తెచ్చుకున్నా పాస్‌కి 60 మెగాబైట్లు, మూడు ఫొటోలు. శాటిలైట్ నిమిషంలో అంతకంటే ఎక్కువ తీసేస్తుంది. తీసిన దాంట్లో మెజారిటీ నీళ్లు, మేఘాలు. నీళ్ల ఫొటో దించి ఏం చేస్తావ్?

అదే పైనే వెతికి, షిప్పు ఉన్న చోట 64 బై 64 ముక్క మాత్రం కత్తిరించి, 8 బిట్‌కి కుదించి, పక్కన అక్షాంశం రేఖాంశం టైం రాసి పంపితే ఒక్కోటి 4 కిలోబైట్లు. 100 షిప్పులైనా 400 కిలోబైట్లే, ఆ ముష్టి యూహెచ్‌ఎఫ్‌లో కూడా ఒక్క పాస్‌లో దిగిపోతాయి. రివ్యూలో ఈ రెండు అంకెలు బోర్డు మీద రాసి కూర్చోండి, ఇంకెవరూ మాట్లాడరు.

రెండోది టైం. 14 నాట్లతో వెళ్లే షిప్పు 6 గంటల్లో 84 నాటికల్ మైళ్లు పోతుంది, 155 కిలోమీటర్లు, ఇక్కడ్నుంచి కాకినాడ అంత దూరం. ఫొటో దిగి, ప్రాసెస్ అయి, ఎవరో చూసేసరికి ఆ చోట ఇంకేం ఉండదు. అయితే ఇక్కడ అందరూ ఒక మోసం చేస్తారు, పైన ప్రాసెస్ చేశాం కాబట్టి వెంటనే తెలిసిపోతుంది అని స్లైడ్ వేస్తారు. తెలియదు. గ్రౌండ్ స్టేషన్ మీదకి వచ్చేదాకా ఆ జవాబు డబ్బాలోనే ఉంటుంది. వెంటనే కావాలంటే ఇరిడియం లాంటి శాటిలైట్ ఫోన్ నెట్‌వర్క్ మోడెమ్ ఒకటి పెట్టి చిన్న మెసేజ్ కొట్టాలి, అలా ఎగరేసిన క్యూబ్‌శాట్‌లు ఉన్నాయి. జవాబు చిన్నదైతేనే ఆ దారిలో పడుతుంది, పైన కంప్యూటర్ వల్ల అసలు లాభం అక్కడుంది.

కరెంటు అడిగావుగా. 10 సెంటీమీటర్ల క్యూబు అయితే మర్చిపో, ఒకటో రెండో వాట్లు. ఆరు క్యూబుల సైజు, విప్పుకునే ప్యానళ్లు ఉంటే ఫరవాలేదు. జెట్సన్ నానో 5 నుంచి 10 వాట్లు తింటుంది, రోజంతా ఆన్‌లో ఉంచలేవు, ఉంచక్కర్లేదు కూడా. శాటిలైట్ నీడ నేల మీద సెకనుకి దాదాపు 7 కిలోమీటర్లు జరుగుతుంది, బంగాళాఖాతం ఈ చివర్నుంచి ఆ చివరికి 5 నిమిషాలు పట్టదు. ఆ 5 నిమిషాలు ఫొటోలు తీసి మెమరీలో పెట్టుకుని తర్వాత తీరిగ్గా నమిలితే చాలు. ఫ్యాన్ పెడదాం అనకు, అక్కడ గాలి లేదు, వేడి లోహం గుండా పక్క ప్యానల్‌కి పోయి అక్కడ్నుంచి రేడియేట్ అవ్వాల్సిందే.

బస్_స్టాండ్_బాబాయ్:

ఇవన్నీ ఇస్రో ఎప్పుడో చేసేసింది, మీ కాలేజీ పిల్లలు కొత్తగా పొడిచేదేముంది. ఏదో ఒక యాప్ చేసుకుని ఉద్యోగం చూసుకోండి.

బోర్డు_బ్రింగప్:

బాబాయ్ గారూ మొదటి ముక్క నిజమే. 2011లో పోయిన రిసోర్స్‌శాట్-2లోనే ఏఐఎస్ పేలోడ్ ఉంది, కెనడావాళ్లది. దానికి ముందు 2010లో నార్వే ఏఐఎస్‌శాట్-1ని మన పీఎస్ఎల్వీయే తీసుకెళ్లింది, శ్రీహరికోట నుంచే. 2019 ఏప్రిల్‌లో పీఎస్ఎల్వీ సీ45 నాలుగో స్టేజీ మీద ఇస్రో ఏఐఎస్ పెట్టి చూసింది. అవన్నీ వినడం. చూసి, పైనే ఆలోచించడం తర్వాత వచ్చింది, యూరప్‌వాళ్ల ఫైశాట్-1 2020 సెప్టెంబర్‌లో వెళ్లింది, అది చేసే పని ఒక్కటే, మేఘాలున్న ఫొటోలు పైనే తీసి పారేయడం. ఇక్కడ హైదరాబాద్ టేక్‌మీటూస్పేస్ వాళ్లు 2024 డిసెంబర్‌లో పోయెమ్-4 (కక్ష్యలోనే ఉంచి వాడుకునే పీఎస్ఎల్వీ చివరి స్టేజీ) మీద తమ కంప్యూటర్ పెట్టి పైన ఏఐ నడిపించారు. ఇంకా పిల్లలు చేయడానికి బోలెడుంది.

జాలారిపేట_బాబు:

ఇంత మాటాడుకున్నారు, మా బోట్ల గురించి ఒకడూ అడగడు. మా నాన్న సరంగు, ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద ఎల్తాడు, వేటకి ఎల్తే పది పదిహేను రోజులు. సముద్రంలో ఎక్కువున్నది మేమే కదా, మీ శాటిలైటుకి మేం కనపడతామా? ఏఐఎస్ మా కొలతకి లేదు. ఫైబర్ తెప్పలైతే ఇంకా చిన్నవి.

మావోళ్లకి కావాల్సింది వేరేది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి గుజరాత్ బోట్లలో పనికెల్లిన వాళ్లు 2018లో గీత దాటీసారని పాకిస్తాన్‌వాళ్లు పట్టుకుపోయి 2020 జనవరిలో గాని వదల్లేదు. వాళ్ల మీద పైనుంచి ఫొటో తీస్తే ఏటి లాభం? గీత దగ్గరకొచ్చీసావు వెనక్కి తిరగరా అని బోటులోనే చెప్పీది కావాలి. వైర్‌లెస్ సెట్ ఉంటాది గాని కొంత దూరం ఎల్లాక అది కూడా మూగే.

2024లో గవర్నమెంటోళ్లు లక్ష బోట్లకి ట్రాన్స్‌పాండర్లు అన్నారు, శాటిలైట్ మీద రెండు వైపులా మెసేజ్ పోతాది. మంచిదే. గాని మావోళ్లలో కొందరు దాన్ని కట్టీస్తారు, దొంగతనానికి కాదు, చేప దొరికిన చోటు పక్క బోటోడికి తెలిసిపోతాదని. బ్యాటరీ అయిపోతాదని ఇంకో సాకు. ఇదీ మీ ప్రాజెక్ట్‌లో రాసుకోండి, ఆపీసిన ప్రతోడూ దొంగ కాదు.

సెకండ్_మేట్_విశాఖ:

జాలారిపేట తమ్ముడు చెప్పింది వంద శాతం. రాత్రిపూట వైజాగ్ అప్రోచ్‌లో నాకు గుండె దడ పెట్టేది తోటి షిప్పులు కాదు, ఒక్క బల్బు వేసుకుని వల మీద పడుకున్న బోట్లు. అలలు లేస్తే చెక్క బోటు రాడార్‌లో అలల మచ్చల మధ్య కలిసిపోతుంది. కెప్టెన్ గారు లేచొచ్చి బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడిపోతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు మాత్రం కాస్త ఊపిరి.

రాడార్_అక్క:

రిమోట్ సెన్సింగ్‌లో పనిచేస్తా, సార్ ఇమేజ్‌లు నా రోజువారీ తిండి. ఇక్కడ సార్ అంటే సింథటిక్ అపెర్చర్ రాడార్, మీ గైడ్ గారు కాదు.

బాబూ జాలారిపేట, నిజం చెప్పాలంటే చిన్న శాటిలైట్ కెమెరాకి మీ తెప్ప దాదాపు కనపడదు. 5 మీటర్ల పిక్సెల్ అనుకుంటే 9 మీటర్ల తెప్ప రెండు పిక్సెళ్లు, అల మీద నురగ కూడా రెండు పిక్సెళ్లే. మరబోటు మూడు పిక్సెళ్లు, ఎండ మెరుపు లేకపోతే ఏదో అనుమానం తగులుతుంది. రాడార్ అయితే మేఘం, రాత్రి లెక్కచేయదు, జూన్ నుంచి నవంబర్ దాకా బంగాళాఖాతం మీద అదే గతి, కానీ రాడార్‌కి ఇనుమంటే ఇష్టం, చెక్కా ఫైబరూ సరిగ్గా కనపడవు. పైగా కరెంటు బాగా తాగుతుంది. ఐసై అనే ఫిన్లాండ్ కంపెనీ 100 కిలోల లోపు శాటిలైట్‌లో రాడార్ పెట్టి 2018 జనవరిలో పీఎస్ఎల్వీ సీ40 మీద పంపింది, అప్పటిదాకా అది చిన్న డబ్బాలో అయ్యే పని కాదనుకునేవారు.

మధురవాడ తమ్ముడూ, మీ ప్రాజెక్ట్‌లో నిజంగా పస ఉన్న భాగం షిప్పుని గుర్తుపట్టడం కాదు, అది ఇప్పుడు ఎవడైనా చేస్తాడు. గుర్తుపట్టిన షిప్పుని ఏఐఎస్ లిస్టుతో జత కుదర్చడం. జత కుదరని మచ్చ మిగిలితే అదీ వార్త. 2024 జనవరిలో గ్లోబల్ ఫిషింగ్ వాచ్ వాళ్లు నేచర్‌లో ఇదే చేసి చూపించారు, పెద్ద ఫిషింగ్ షిప్పుల్లో మూడొంతులు, అంటే 75 శాతం దాకా, పబ్లిక్ ట్రాకింగ్‌లో లేవు.

జత కుదర్చడంలో ఒక మెలిక. ఏఐఎస్ మెసేజ్ 10.02కి వచ్చింది, ఇమేజ్ 10.07కి తీశారు, ఆ 5 నిమిషాల్లో షిప్పు ఎక్కడికి జరిగిందో స్పీడు, వెళ్లే దిశ పట్టుకుని లెక్కగట్టాలి. రాడార్‌లో ఇంకో చిత్రం ఉంది, కదిలే షిప్పు తన అసలు చోట కనపడదు, పక్కకి కొన్ని వందల మీటర్లు జరిగి పడుతుంది. వెనక నీళ్ల చార మాత్రం సరైన చోటే ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు షిప్పు ఒక చోట, దాని చార ఇంకో చోట, ఏదో దెయ్యం షిప్పులా ఉంటుంది. రాడార్ వైపు వస్తున్న స్పీడు డాప్లర్‌ని మార్చేస్తుంది, ఇమేజ్ తయారుచేసే లెక్క దాన్ని చోటు మార్పుగా పొరబడుతుంది. ఇది సరిచేయకుండా జత కుదిర్చితే ప్రతి నిజాయితీ షిప్పూ దొంగలా తేలుతుంది.

డేటాకి డబ్బులు అక్కర్లేదు. సెంటినెల్-1 రాడార్ ఇమేజ్‌లు ఫ్రీ, వైజాగ్ అవుటర్ యాంకరేజ్ మీదవే దించుకోండి, ఆగున్న షిప్పులు చుక్కల్లా వరసగా కనిపిస్తాయి. మామూలు కెమెరా ఫొటోలు కావాలంటే కాగుల్ వెబ్‌సైట్‌లో ఎయిర్‌బస్ షిప్ డేటాసెట్ ఉంది, 768 బై 768 ముక్కలు.

మధురవాడ_ఈసీఈ:

అక్కా, అన్నా, మీకు దండాలు. మేం కెమెరా ఫొటోలతోనే వెళ్తాం, రాడార్ మాకు ఎక్కువైపోతుంది. రెండు డౌట్లు. ఒకటి, ఏఐఎస్‌లో తప్పుడు పొజిషన్ పంపేవాడిని పైన పట్టుకోగలమా? రెండు, అంతరిక్షంలో రేడియేషన్‌కి మెమరీ పాడవుతుందంటారు కదా, అది టేబుల్ మీద ఎలా చూపించాలి?

బోర్డు_బ్రింగప్:

మొదటిది, కొంతవరకు పట్టొచ్చు. పైన చెప్పా కదా, డాప్లర్ వల్ల ఫ్రీక్వెన్సీ జరిగి వస్తుందని. షిప్పు నేను ఫలానా చోట ఉన్నానంటుంది, శాటిలైట్ ఎక్కడుందో మనకి తెలుసు, అక్కడ్నుంచి వస్తే ఎంత జరగాలో లెక్క కట్టు, వచ్చింది దాంతో బొత్తిగా కలవకపోతే అబద్ధం. ట్రాన్స్‌మిటర్‌లో సొంత తేడా కూడా కొంత ఉంటుంది కాబట్టి 50 కిలోమీటర్ల అబద్ధం దొరక్కపోవచ్చు, 1000 కిలోమీటర్ల అబద్ధం దొరుకుతుంది. ఒక పాస్‌లో అదే షిప్పు మెసేజ్‌లు చాలా వస్తే ఇంకా తేలిక, డాప్లర్ మారే వంపు చూసుకోవచ్చు. ఇది పైథాన్‌లో సిమ్యులేషన్‌గా చేయండి, ఒక చాప్టర్ అయిపోతుంది. నిజం మెసేజ్‌లు కావాలంటే ల్యాప్‌టాప్‌కి పెట్టే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ రేడియో డాంగిల్ ఒకటి, తీగ ముక్కతో చేసిన యాంటెనా ఒకటి చాలు. కాకపోతే ఈ ఊళ్లో సముద్రం వైపు యాంటెనా తిప్పుకుని నిలబడితే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, కాలేజీ లెటర్ జేబులో ఉంచుకో, నేవీ ఏరియా ఛాయలకి పోవద్దు.

రెండోది, ఫాల్ట్ ఇంజెక్షన్ అంటారు. మోడల్‌ని, అంటే షిప్పుల్ని గుర్తుపట్టే ఏఐని, ముందు 8 బిట్ పూర్ణాంకాలకి కుదించండి, ఎలాగూ కరెంటు కోసం చేయాల్సిందే. తర్వాత ఒక స్క్రిప్ట్ రాసి వెయిట్స్‌లో (మోడల్ నేర్చుకున్న అంకెల్లో) అక్కడో బిట్ ఇక్కడో బిట్ తిరగేసి, షిప్పులు ఎన్ని తప్పిపోయాయో గ్రాఫ్ వేయండి. 8 బిట్‌లో పై బిట్ తిరిగితే ఎక్కువ దెబ్బ, కింద బిట్ తిరిగితే ఎవడికీ తెలీదు, మొదటి లేయర్‌లో ఒకలా, చివరి లేయర్‌లో ఒకలా ఉంటుంది. మందు ఏంటంటే వెయిట్స్ కాపీ ఇంకోటి ఫ్లాష్‌లో పెట్టుకుని ప్రతి పాస్ ముందు చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో చెప్పే అంకె) చూసి తేడా ఉంటే మళ్లీ లోడ్ చేయడం. అదికాక వాచ్‌డాగ్ ఒకటి, కంప్యూటర్ బిగుసుకుపోతే కరెంటు తీసి వేయడానికి, అది బోర్డు మీద వేరే చిప్‌గా ఉండాలి, అదే ప్రాసెసర్‌లో సాఫ్ట్‌వేర్‌గా రాస్తే పోయేవాడితో పాటు అదీ పోతుంది.

డెమోలో వరుస ఇలా పెట్టుకో. 4096 ఫొటోని 24 ముక్కలు చెయ్, నేల ఉన్న ముక్కలు తీరం మ్యాప్ చూసి తీసెయ్, మేఘం నిండిన ముక్కలు ఒక చిన్న చవక ఫిల్టర్‌తో తీసెయ్, మిగిలిన వాటి మీదే అసలు మోడల్ నడుపు. యాక్యురసీ శాతం గురించి ఎక్కువ హడావుడి చేయొద్దు, అందరూ 95 అంటారు, ఎవరూ నమ్మరు. ఒక్క ఫొటోకి ఎన్ని జౌళ్ల (జౌల్స్) కరెంటు ఖర్చయిందో, ఎన్ని కిలోబైట్లు మిగిలాయో చూపించు.

జాలారిపేట_బాబు:

బోటు ఫొటోలు కావాలంటే హార్బర్‌కి రండి, మా నాన్న బోటు ఎంత పొడవో టేపు పెట్టి కొలుచుకోవచ్చు. పొద్దున్న వేలం అయ్యాక రండి, అంతకుముందు ఎవడూ మాటాడడు.

మధురవాడ_ఈసీఈ:

వస్తాం అన్నా, ఆదివారం కాకుండా చెప్పు. జెట్సన్ కోసం హెచ్‌ఓడీకి లెటర్ పెట్టాం, అది ఎన్ని జౌళ్లు తింటుందో కొలవడానికి యూఎస్‌బీ మీటర్ కొనాలా?

బోర్డు_బ్రింగప్:

నానోకి బోర్డు మీదే కరెంటు కొలిచే చిప్ ఉంది, టెగ్రాస్టాట్స్ అని కమాండ్ కొట్టు, మిల్లీవాట్లలో చూపిస్తుంది. రాస్ప్‌బెర్రీ పైకి అయితే మీటర్ కావాలి, లేకపోతే ల్యాబ్ పవర్ సప్లై మీద కరెంట్ రీడింగ్ వీడియో తీసుకో. ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు ఎంతో ముందు కొలిచి అది తీసెయ్, చాలామంది అక్కడే బోల్తా పడతారు.